బొగ్గుబండికి దారి

2022 ఏప్రిల్ నెలాఖరున విద్యుత్ కేంద్రాలలో బొగ్గు నిల్వలు అడుగంటగా, బొగ్గు గూడ్సులకు దారి ఇచ్చుటకై రైల్వేశాఖ వందలాది ప్రయాణికుల బండ్లను రద్దు చేసింది. ఆ మండుటెండలోనే గ్యాంగ్‌మన్ పట్టాలు సరిచేశాడు, పోస్ట్‌మన్ ఇంటింటికీ ఉత్తరాలు చేర్చాడు.

2070 నాటికి కర్బన ఉద్గారాలను నికరంగా సున్నాకు తెస్తామని 2021లో గ్లాస్గో సభలో ప్రభుత్వం ప్రకటించింది. రైల్వేలు 2030నే గడువుగా పెట్టుకొన్నాయి. సంతోషమే. కాని దేశపు విద్యుత్తులో అధికభాగం నేటికీ బొగ్గుదే. ఇంజను పొగ మానింది, ఆ పొగ విద్యుత్ కేంద్రపు గొట్టానికి మారింది, అంతే!

తలసరి ఉద్గారాలు ప్రపంచ సగటులో సగమైనా లేని మన ప్రజలను దీపం ఆర్పుకొమ్మనే హక్కు సంపన్న దేశాలకు లేదు. అట్లని బొగ్గునే నమ్ముకొని ఉండలేము. వడదెబ్బ మొదట తగిలేది ఆరుబయట పనిచేసే కార్మికునికే. డీజిల్ షెడ్ల కార్మికులకు కొత్త శిక్షణ, ఉద్యోగ భద్రత, వేసవిలో పనివేళల మార్పు, పనిచోట నీరు, నీడ - వీటిని గడువులతోపాటే లిఖితపూర్వకంగా ప్రకటించాలని కోరుతున్నాము.