ఒకసారి దిద్దితే చాలు!

విశాఖలో ఉంటూ ఏటికొప్పాక లక్క బొమ్మలు అమ్మేందుకు ఓ వెబ్‌సైట్ పెట్టారనుకోండి. అంకుడు కర్ర ఏనుగైనా, బొంగరమైనా ప్రతి పేజీలో ఫోన్ నంబరు ఉండాల్సిందే. ఆ నంబరు మారితే? ఒక్క పేజీలో మార్చడం మరిచినా ఆర్డరు పోయినట్టే!

వర్డ్‌ప్రెస్‌లో దీనికో ఉపాయముంది. ఆ భాగాన్ని ఎంచుకుని, మెనూలో 'క్రియేట్ ప్యాటర్న్' నొక్కి, పేరు పెట్టి దాచుకోండి. 'సింక్‌డ్' ఆన్ చేస్తే ఒకచోట దిద్దినా అన్ని పేజీల్లోనూ మారుతుంది. ఆఫ్ చేస్తే అదే అచ్చు వస్తుంది, ఏ పేజీకాపేజీ మార్చుకోవచ్చు. 2023 ఆగస్టులో వచ్చిన 6.3 వెర్షన్ నుంచీ ఈ సదుపాయం ఉంది.

ధరలు బొమ్మబొమ్మకీ వేరు కాబట్టి వాటికి సింక్ వద్దు. ఫోన్ నంబరుకి మాత్రం తప్పనిసరి. అయితే, ఒక్క అంకె తప్పు పడినా అన్ని పేజీలకీ అదే పాకుతుంది. అందుకే సేవ్ చేశాక ఆ నంబరుకి ఓసారి ఫోన్ చేసి చూసుకోండి!