పటం పంచుకుంటే మేలే, తప్పు దిద్దే దారీ ఉండాలి

మీ పొలం పటం ఎక్కడుందని అడిగితే ఏం చెబుతారు? కొలతల పటం సర్వే వారి దగ్గర, నేల పటం వ్యవసాయశాఖ దగ్గర, భూగర్భజలం సంగతి ఇంకో శాఖ దగ్గర, కాలువ పటం నీటిపారుదల వారి దగ్గర. బోరు వేయాలన్నా, పంట నష్టం రాయించాలన్నా ఈ ఆఫీసుల మధ్య చెప్పులరిగేది మనకే.

ఈ తిరుగుడు తగ్గించే ఏర్పాటు ఒకటుంది. దాన్ని వెబ్ సర్వీసు అంటారు. పటం తయారుచేసిన శాఖ కంప్యూటర్‌లోనే పటం ఉంటుంది. మరో శాఖ కంప్యూటర్ ‘ఫలానా చోటు పటం పంపు’ అని అడిగితే, ఆ పూట ఉన్న పటం బొమ్మగా వచ్చేస్తుంది. నూనె కాగితాలు పేర్చినట్టు సర్వే నంబర్ల పటం, నేల పటం, చెరువుల పటం ఒకదాని మీద ఒకటి పరిచి చూడొచ్చు. అందరూ ఒకే పద్ధతిలో అడగాలని ‘వెబ్ మ్యాప్ సర్వీస్’ అనే ప్రమాణం 2000లోనే వచ్చింది. ఇస్రో 2009లో మొదలుపెట్టిన ‘భువన్’ కూడా ఈ పద్ధతిలో ఉపగ్రహ పటాలు అందిస్తోంది.

బాగానే ఉంది. కానీ పటంతో పాటు తప్పు కూడా పదిచోట్లకు పోతుంది. అన్నదమ్ములు నాలుగెకరాలు పంచుకున్నారు, సబ్‌డివిజన్ చేయించుకోలేదు. తెర మీద ఒకే చెక్క కనపడుతుంది. ఆ పటం చూసే ప్రతి ఆఫీసూ అదే నిజమంటుంది. అయితే ఇందులోనే ఒక మేలూ ఉంది. మూలంలో ఒక్కసారి దిద్దితే, అక్కడి నుంచే పటం తెప్పించుకునే ఆఫీసులన్నిటికీ దిద్దిన పటమే అందుతుంది. అందుకే దిద్దే పని రైతుకు సులువుగా ఉండాలి.

ప్రభుత్వం మూడు పనులు చేయాలి. గ్రామ పటాన్ని అచ్చు వేయించి ఊళ్లో గోడకు అంటించాలి. ప్రతి పటం మీదా అది ఏ తేదీ నాటిదో రాయాలి. తప్పుందని చెప్పిన రైతుకు రసీదు ఇచ్చి, గడువులోగా సర్వేయరును పంపాలి. సెల్‌ఫోన్ లేని రైతుకు కూడా పటం అందితేనే పంచుకున్నట్టు.

మనం చేయాల్సిందీ ఉంది. పాస్‌బుక్కు, అడంగల్, ఎఫ్.ఎం.బి. మూడూ పక్కపక్కన పెట్టి విస్తీర్ణం సరిచూసుకోండి. తేడా ఉంటే అర్జీ పెట్టండి. ఫోన్‌లో ఉపగ్రహ బొమ్మ మీద కనపడే గీత కొన్ని గజాలు పక్కకు జరిగి ఉండొచ్చు. దాన్ని నమ్మి గట్టు రాయి జరపొద్దు, పక్క రైతుతో తగాదాకు దిగొద్దు. హద్దు తేల్చుకోవాలంటే సర్వేయరు చేత కొలిపించుకోవడమే మేలు. పైరు ఎదిగితే కొలత కష్టం కాబట్టి విత్తనం పడకముందే ఆ పని చూసుకోండి.