రేవునకును నావకును నడుమ

ముక్త్యాల రేవునుండి కృష్ణను దాటి ఆవలియొడ్డున నున్న మాదిపాడునకు పోవు బల్లకట్టును గమనించినవారికి ఒక విషయము స్ఫురింపక మానదు. బండి నదిని దాటవలసివచ్చినప్పుడు ఒడ్డును వాలుగా కోసి, కట్టు అంచును ఆ వాలునకు ఆనించి, చక్రము నేలనుండి నీటిమీదికి దొరలిపోవు ఉపాయమును మన పడవవారు ఏనాడో కనిపెట్టిరి. ఆ వాలు మట్టిది, నిలువుది, దుర్బలులకు తగినది కాదు. అయినను అందలి సూత్రము సరియైనది. అట్టి సూత్రమును చేతనుంచుకొనియు, విహారము పేరిట ఇటీవల కట్టుకొన్న పడవల రేవులలో మనము దానిని విస్మరించితిమి. ఊగుచున్న సన్నని బల్లమీద అడుగిడజాలని వృద్ధురాలిని ఇరువురు చంకలక్రింద చేతులువేసి ఎత్తి లోపల కూర్చుండబెట్టుటయే అచ్చట ఏర్పాటుగా చెల్లుచున్నది. సరకునకు చేసిన సౌకర్యమును మనిషికి చేయకపోవుటకు కారణము, ఆ మనిషి రేవునకు వచ్చునని ముందుగా తలంపకపోవుటయే.

సముద్రములపై తిరుగు విహారనౌకల రేవులలోను సమస్య ఇదియే. జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతముల తలిదండ్రులు అనేకులు, అమెరికాలో స్థిరపడిన బిడ్డల చెంతకు పోయినప్పుడు, సియాటిల్ నుండి అలాస్కాకో, మయామి నుండి కరిబియన్ ద్వీపములకో వారితో కూడ నౌకాయానము చేయుచున్నారు. నౌకలోపల లిఫ్టులు, వెడల్పైన ద్వారములు, చక్రాల కుర్చీ తిరుగుటకు వీలైన గదులు ఉండును. మోకాళ్లు అరిగినవారికిని, పక్షవాతమునుండి కోలుకొనుచున్నవారికిని అసలు కష్టము నౌకనుండి నేలమీదికి దిగు ఆ కొద్ది గజములయందే కలదు. నౌక రేవుగోడను ఆనుకొని నిలిచినచో గ్యాంగ్‌వే మీదుగా దిగవచ్చును. లోతు చాలని చోట నౌక దూరమున లంగరువేసి, ప్రయాణికులను టెండరులు అను చిన్నపడవలలోనికి దింపి ఒడ్డునకు చేర్చును. అల లేచినచో చక్రాల కుర్చీవారిని దింపజాలమని అట్టిచోట సిబ్బంది చెప్పుట సాధారణము. కనుక టిక్కెట్టు కొనుటకు పూర్వమే, ప్రతి మజిలీయందును నౌక గోడను ఆనుకొనునా, లంగరువేయునా యని బిడ్డలు విచారింపవలెను. గది కిటికీనుండి సముద్రము కనబడునా యను ప్రశ్నకన్న ఇది వేయిరెట్లు ముఖ్యమైనది.

గోడను ఆనుకొన్నంతమాత్రమున చిక్కు తీరదు. అలాస్కా ఆగ్నేయతీరమున ఆటుపోట్ల నడుమ నీటిమట్టము 20 అడుగులవరకు మారును. ఉదయము చదునుగా నుండిన గ్యాంగ్‌వే మధ్యాహ్నమునకు నిచ్చెనవలె నిలుచును. ఆ రాష్ట్ర రాజధానియైన జూనోలో 2017 నాటికి, నీటితోపాటు లేచి దిగు తేలియాడు బెర్తులను నిర్మించుకొనిరి. చక్రాల కుర్చీకి తగిన వాలునకు మన దేశపు మార్గదర్శకములలోను, పరదేశములలోను విరివిగా వాడుకలోనున్న లెక్క ఒక్కటే: అడుగు ఎత్తునకు 12 అడుగుల పొడవు. నీరు 10 అడుగులు దిగినచో 120 అడుగుల వాలు కావలెను. ఈ గుణకారమును ఒక్కమారు చేసి చూచినచో, మన నదీరేవులలోని పొట్టిబల్ల ఏల పనికిరాదో ఇంజనీరు కానివారికిని బోధపడును.

ఇక శాసనము సంగతి. దివ్యాంగుల హక్కుల చట్టము 2016లో ఆమోదము పొంది 2017 ఏప్రిలు 19నుండి అమలులోనికి వచ్చినది. అందలి 41వ సెక్షను బస్సు స్టాపులను, రైల్వే స్టేషన్లను, విమానాశ్రయములను పేర్కొన్నది; పడవల రేవును పేరెత్తి చెప్పలేదు. కాని సమస్త రవాణా సాధనములును అందుబాటులో నుండవలెనని అదే సెక్షను చెప్పుచున్నందున, పడవను దానినుండి తప్పించుటకు వీలులేదు. ఆ చట్టము క్రింద చేసిన నియమములలో 15వది కేవలము సలహాప్రాయమైన మార్గదర్శకములతో సరిపుచ్చుచున్నదని, అది చట్టమునకే విరుద్ధమని 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు రాజీవ్ రతూరి కేసులో తీర్పు చెప్పి, తప్పనిసరిగా పాటింపవలసిన ప్రమాణములను మూడు నెలలలో రూపొందింపుమని కేంద్రమును ఆదేశించినది. ఆ తీర్పునకు ఆధారమైన నివేదికను సమర్పించినది మన హైదరాబాదు నల్సార్ విశ్వవిద్యాలయములోని వికలాంగుల అధ్యయన కేంద్రమని తెలుగువారు గర్వముతో స్మరింపదగును. అమెరికా సుప్రీంకోర్టు 2005లోనే, తమ జలములలోనికి వచ్చు విదేశీ పతాకముగల విహారనౌకలకు సైతము తమ దేశపు వైకల్యహక్కుల చట్టము వర్తించునని నిర్ణయించినది. ఏ పతాకము ఎగురవేసినను మనిషి మనిషియే.

భద్రత అను అభ్యంతరమును తేలికగా త్రోసిపుచ్చరాదు. 2017 నవంబరు 12న ఇబ్రహీంపట్నము చెంత పవిత్రసంగమము వద్ద కృష్ణలోను, 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు వద్ద గోదావరిలోను పడవలు మునిగి, ఎన్నో కుటుంబములకు తీరని దుఃఖము మిగిలినది. నడవలేనివారిని పడవ ఎక్కింపకుండుటయే క్షేమమని కొందరందురు. కాని చదునైన, వెడల్పైన, కమ్మీలుగల రేవు లేనిచోట బిడ్డను ఎత్తుకొన్న తల్లియు, కాలుజారిన యువకుడును అదే ప్రమాదమునకు లోనగుదురు. దుర్బలునికొఱకు కట్టిన దారి ఆపత్సమయమున అందరిని బయటికి చేర్చు దారియగును. దుర్బలుని నిరాకరించిన రేవు తన లోపమును మాత్రము దిద్దుకొనదు.

విశాఖపట్టణమున సుమారు 96 కోట్ల రూపాయలతో నిర్మించిన అంతర్జాతీయ క్రూయిజ్ టెర్మినల్ 2023 సెప్టెంబరులో ప్రారంభమైనది. నౌక గోడను ఆనుకొను రేవు అది. అలాస్కా ఆటుపోట్ల తీవ్రత అచ్చట లేదు. కాని నందిగామవారికి ఆ టెర్మినల్‌కన్న ముందే, బస్సు మెట్టు ఎత్తుతోను రైలు పెట్టె ద్వారముతోను పోరాటము మొదలగును.

మన వాకిటనున్న అవకాశము కృష్ణయే. జాతీయ జలమార్గము 4లో మొదటిదశగా ముక్త్యాలనుండి విజయవాడవరకు 82 కిలోమీటర్ల నదీభాగమును నిర్ణయించి, 2017లో పనులకు శంకుస్థాపన చేసిరి. ఈ దారిలో యాత్రికుల పడవలు తిరిగినచో, వేదాద్రి నరసింహుని, ముక్త్యాల ముక్తేశ్వరుని, అమరావతి అమరేశ్వరుని సేవింపగోరి ఎక్కువారిలో అధికులు వయసుడిగినవారే యగుదురు. మోకాలు పట్టినవారిని అరుదైన మినహాయింపుగా భావించి ఇచ్చట రేవు కట్టుట, వచ్చువారిని చూడకుండ కట్టుటయే. విజయవాడ చెంత ప్రకాశము బ్యారేజి వలన నీటిమట్టము చాలవరకు నిలకడగా నుండును. ముక్త్యాలకు ఎగువన 45.77 టి.యం.సి.ల పులిచింతల జలాశయమునుండి నీరు వదలినప్పుడును ఆపినప్పుడును ఈ వైపున మట్టము మారుచుండును. కావున ఒక్క నమూనా గీసి అన్ని రేవులకును అంటగట్టుట తగదు. జలవనరుల శాఖవద్ద నున్న మట్టముల లెక్కలనుండి ప్రతి రేవునకు హెచ్చుతగ్గులను తీసి, దానిని 12చే గుణించి, అంత పొడవుగల కమ్మీల వంతెనను తేలియాడు పంటునకు కీలువేసి కలుపవలెను. ఖర్చు అధికమనువారు, మెట్లఘాట్లకు పుష్కరమునకొకమారు వెచ్చించు ధనమును తలచుకొనవలెను.

2028లో కృష్ణా పుష్కరములు రానున్నవి. ముక్త్యాల, వేదాద్రి ఘాట్లకు టెండర్లు పిలుచునప్పుడు ఈ వాలును షరతుగా వ్రాయవలెను. పని ముగిసినదని కాంట్రాక్టరు బిల్లు పెట్టినప్పుడు, జగ్గయ్యపేట, నందిగామ మండలములలో చక్రాల కుర్చీని వాడువారిని కొందరిని పిలిచి, నీరు తక్కువగా నున్న వేసవిదినమున ఎవరి సాయమును లేకుండ ఒడ్డునుండి పడవలోనికి, పడవనుండి ఒడ్డునకు పోయి రమ్మనవలెను. వారు పోయి వచ్చి సంతకము చేసిన పిమ్మటనే ఆ బిల్లు చెల్లింపవలెను.