ఎస్.ఓ.ఎస్. : మూడక్షరాలు, మూడు అర్థాలు

మందుచీటీలో ఒక నొప్పి మాత్ర పేరు పక్కన ‘ఎస్.ఓ.ఎస్.’ అని ఉండగా, మా ఇంట దాదీమా అది ప్రాణాపాయ సూచన అనుకొని కలవరపడ్డారు. ఆ భయంతో వారం రోజులు మూడు పూటలా ఆ మాత్ర వేసుకున్నారు. అందుకే ఈ నెల ఈ మూడక్షరాలను వివరిస్తున్నాము.

వైద్యుల వాడుకలో ఇది ‘సి ఓపుస్ సిత్’ అనే లాటిన్ మాటకు సంక్షిప్త రూపం. ‘అవసరమైతేనే’ అని దీని భావం. బాధ లేనినాడు ఆ మాత్ర అక్కరలేదు. బాధ ఉన్ననాడు సైతం రోజుకు ఎన్ని, ఎంత వ్యవధితో అన్నది వైద్యుని అడిగి తెలుసుకోవాలి.

నౌకల ఆపద సంకేతం వేరు. దానిని 1905లో జర్మనీ స్వీకరించగా, 1906లో బెర్లిన్ అంతర్జాతీయ ఒడంబడిక ఆమోదించింది. మోర్స్ సంకేతాలలో మూడు చుక్కలు, మూడు గీతలు, మూడు చుక్కలు: సులువుగా గుర్తుపట్టగల వరుస అది. ‘మా ఆత్మలను రక్షించండి’ అన్న అర్థం తరువాత కల్పించినదే.

అనాథ బాలలకు నీడనిచ్చే ఎస్.ఓ.ఎస్. బాలగ్రామాలను 1949లో ఆస్ట్రియాలో హెర్మన్ గ్మైనర్ ఆరంభించారు. వాటి పేరుకు మూలం ‘సొసీటాస్ సోషియాలిస్’ అనే మరో లాటిన్ మాట.

కనుక పొట్టి అక్షరాలకు మనమే అర్థం ఊహించుకోరాదు. వైద్యుని ఎదుటే మందుచీటీ చదివించుకొని, ఇంటి పెద్దల మాత్రల అట్టపై తెలుగులోనో ఉర్దూలోనో ‘నొప్పి ఉంటేనే’ అని వ్రాసి ఉంచుదాము.