నలుపుతో మొదలు

పిడుగురాళ్ల అంటే సున్నం. గోడకు ముందు తెల్లపూత, తర్వాతే రంగులు. బల్లమీద బొమ్మసైనికులతో యుద్ధాలాడే క్లబ్బుల్లో మాత్రం పూత నలుపుతోనే మొదలు! అంగారకుల దండయాత్రను నవలగా రాసిన హెచ్.జి.వెల్స్, 1913లో 'లిటిల్ వార్స్' పేరిట ఇలాంటి ఆటకు నియమాలూ రాశాడు. 1987లో బ్రిటన్‌లో వచ్చిన 'వార్‌హ్యామర్ 40,000'లో పోరు ఎక్కువగా పరగ్రహాల మీదే. అక్కడి కొండలను ఆడేవాళ్లే చేసుకుంటారు, బొమ్మలకొలువుకు మనం చేసినట్టు థర్మోకోల్‌తో. దానిమీద మామూలు స్ప్రే రంగు నేరుగా కొట్టారో, కొండ కరిగిపోతుంది. జిగురు కలిపిన నల్ల నీటిరంగు దట్టంగా పట్టించాలి. ఆరాక, బ్రష్షుకున్న బూడిదరంగును పాతగుడ్డకు దాదాపు తుడిచేసి, పైపైన ఆడించాలి. అంచులకే రంగు అంటుతుంది, పగుళ్లలో నలుపు మిగిలిపోతుంది. అప్పుడది రాయి. తొందరపడి బ్రష్షు అదిమితే మళ్లీ థర్మోకోలే.