దంత ఇంప్లాంట్లలో కంప్యూటర్ సాయం: భిలాయి వృద్ధులకు మేలెంత?

సోవియట్ సహకారంతో నిర్మితమైన భిలాయి ఉక్కు కర్మాగారంలో తొలి బ్లాస్ట్ ఫర్నేస్ 1959 ఫిబ్రవరి 4న ప్రారంభమైంది. దాని చుట్టూ ఎదిగిన నగరంలో ఉపాధి కోసం వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలూ ఉన్నాయి. కర్మాగారాన్ని నిలబెట్టిన తొలి తరాలు ఇప్పుడు విశ్రాంత జీవితం గడుపుతున్నాయి. పళ్లు ఊడిపోవడం ఆ వయసులో సాధారణ సమస్య. కట్టుడు పళ్లకు బదులుగా ఇంప్లాంట్లు, వాటికి తోడుగా కంప్యూటర్ మార్గదర్శక శస్త్రచికిత్స దంతవైద్యంలో స్థానం సంపాదించుకున్నాయి. ఈ విధానంతో ఒరిగే మేలెంత అన్నది వృద్ధుల పొదుపు సొమ్ముతో ముడిపడిన ప్రశ్న.

టైటానియం లోహం ఎముకతో విడదీయరానంతగా కలిసిపోతుందని స్వీడన్ శాస్త్రవేత్త బ్రోనెమార్క్ 1952లో గమనించారు. 1965లో తొలిసారి ఒక రోగికి ఇంప్లాంట్లు అమర్చారు. అయితే ఇంప్లాంట్ నిలవాలంటే తగినంత ఎముక ఉండాలి. పన్ను తీసిన ఏడాదిలోపే ఆ చోట ఎముక వెడల్పు దాదాపు సగం తగ్గిపోతుందని, అందులో అధిక భాగం తొలి 3 నెలల్లోనే జరుగుతుందని అధ్యయనాలు చెబుతున్నాయి. ఈ లోటును పూడ్చేదే బోన్ గ్రాఫ్టింగ్. రోగి సొంత ఎముకను గాని, శుద్ధి చేసిన పశువుల ఎముకను గాని, కృత్రిమ పదార్థాన్ని గాని అమర్చి, అది కుదురుకునేందుకు సాధారణంగా 4 నుంచి 9 నెలలు వేచి ఉంటారు.

కంప్యూటర్ పాత్ర ఇక్కడే మొదలవుతుంది. కోన్ బీమ్ సీటీ స్కాన్ ద్వారా దవడ త్రిమితీయ చిత్రం లభిస్తుంది. కింది దవడలోని నాడి, పై దవడను ఆనుకుని ఉన్న సైనస్ గది ఎంత దూరంలో ఉన్నాయో వైద్యుడు ముందే కొలుస్తాడు. గ్రాఫ్ట్ పరిమాణాన్ని, ఇంప్లాంట్ కోణాన్ని తెరపైనే నిర్ణయించి, త్రీడీ ప్రింటర్‌తో ఒక తొడుగు తయారు చేయిస్తాడు. డ్రిల్లు ఆ తొడుగు రంధ్రం గుండానే సాగుతుంది. ఉన్న ఎముకలోనే ఇంప్లాంట్‌ను కొంత వాలుగా అమర్చవచ్చని తేలితే గ్రాఫ్టింగ్ అవసరమే తప్పవచ్చు. అదనపు శస్త్రచికిత్సను నివారించగలగడం ఈ సాంకేతికత చేసే పెద్ద మేలు.

అయినా ఇది పొరపాటుకు తావులేని విధానం కాదు. ప్రణాళికకు, వాస్తవ స్థానానికి మధ్య సగటున ప్రవేశ స్థానంలో 1.2 మిల్లీమీటర్లు, కొన వద్ద 1.4 మిల్లీమీటర్లు, కోణంలో 3.5 డిగ్రీల తేడా ఉంటుందని పరిశోధనల సమీక్షలో తేలింది. అందుకే నాడికి కనీసం 2 మిల్లీమీటర్ల దూరం పాటిస్తారు. తొడుగు సరిగా కూర్చోకపోతే తప్పు దారే ఖాయమవుతుంది. తొడుగు అడ్డు వల్ల చల్లబరిచే నీరు అందక ఎముక ఉష్ణోగ్రత 47 డిగ్రీల సెల్సియస్ దాటి నిమిషం పాటు ఉంటే ఎముక దెబ్బతింటుంది.

యంత్రం సరిదిద్దలేని అంశం మరొకటి ఉంది. 2016-17 జాతీయ సర్వే ప్రకారం ఛత్తీస్‌గఢ్ వయోజనుల్లో 39.1 శాతం మంది ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నారు. దేశ సగటు 28.6 శాతం. పొగాకు, బెల్లపు మడ్డి కలిపి చేసే గుడాఖును పళ్లు తోముకోవడానికి వాడే అలవాటు ఈ ప్రాంతంలో ఉంది. పొగాకు చిగుళ్లను దెబ్బతీస్తుంది. పొగ తాగేవారిలో గ్రాఫ్ట్, ఇంప్లాంట్ విఫలమయ్యే ముప్పు ఎక్కువ. అదుపులో లేని మధుమేహమూ అంతే.

ఖర్చు భారం ప్రధానంగా కుటుంబాలదే. 2024 అక్టోబరులో 70 ఏళ్లు నిండిన వారందరికీ విస్తరించిన ఆయుష్మాన్ భారత్ పథకం ఆసుపత్రిలో చేరి పొందే చికిత్సలకు ఉద్దేశించినది. సాధారణ దంత చికిత్సలు దాని పరిధిలోకి రావు. కాబట్టి భిలాయి-దుర్గ్ ప్రాంతంలోని దంత వైద్య కళాశాలలు, రాయ్‌పూర్ ప్రభుత్వ దంత వైద్య కళాశాల వంటి బోధనా సంస్థల్లో స్కానింగ్, ప్రణాళిక సేవలు అందుబాటు ధరలకు విస్తరించడం అవసరం.

గ్రాఫ్టింగ్ ఎందుకు అవసరం, అది లేకుండా మార్గముందా, విఫలమైతే తర్వాతి చర్య ఏమిటి అని చికిత్సకు ముందే వైద్యుణ్ణి అడగడం రోగి హక్కు. కంప్యూటర్ దారి చూపగలదే గాని ఎముకను పుట్టించలేదు. ఉన్న ఎముకను, చిగుళ్లను కాపాడుకోవడమే అన్నిటికన్నా తక్కువ ఖర్చుతో కూడిన వైద్యం.