దాత మెచ్చిందే కచేరీనా?

చెన్నైలో డిసెంబరు వచ్చిందంటే సభల గోడల నిండా బ్యానర్లే. విద్వాంసుడి పేరు కంటే నగల దుకాణం పేరు పెద్దక్షరాల్లో కనబడినా ఎవరికీ వింతగా లేదు. సాయంత్రం కచేరీకి స్పాన్సర్లు క్యూ కడతారు. మధ్యాహ్నం పాడే కుర్రవాడికి దారిఖర్చులు గిట్టితే గొప్ప.

కళకు కలిగినవాళ్ళే పెట్టడం ఈ ఊరికి కొత్త కాదు. అమృతాంజనం లాభాలే లేకపోతే కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1924లో ‘భారతి’ పత్రికను మొదలుపెట్టగలిగేవారా? వాణీమహల్‌ను నడిపే త్యాగబ్రహ్మ గానసభకు మూలపురుషుడు చిత్తూరు నాగయ్య. సినిమాల్లో అంత సంపాదించి, చేతికి ఎముక లేకుండా పంచి, 1973లో పేదవాడిగానే పోయారు.

బెంగుళూరు నాగరత్నమ్మ కథ వేరు. మద్రాసులో పాడి కూడబెట్టిన సొత్తును తిరువయ్యారులో త్యాగరాజు సమాధికి గుడి కట్టించడానికి ధారపోశారు. ఆ సొత్తులోనూ కొంత కలవారి ఇళ్ళ కచేరీల్లో వచ్చిందే. తీరా అక్కడి త్యాగరాజ ఆరాధనలో ఆడవాళ్ళు పాడకూడదన్నారు. గుడి కట్టించిన మనిషికే అక్కడ చోటు లేదు! ఆవిడ ఊరుకోలేదు, ఆడవాళ్ళతో విడిగా ఆరాధన జరిపించారు. 1940 ప్రాంతంలో ఆరాధన జరిపే వర్గాలన్నీ కలిసేదాకా పట్టు విడవలేదు. చేతిలో డబ్బుంది కనుక నెగ్గుకొచ్చారు. అంతే గొంతు ఉండి డబ్బు లేనివాళ్ళ గతేమిటో చరిత్రలో రాసిపెట్టి లేదు.

2013 కంపెనీల చట్టం పెద్ద కంపెనీలను లాభాల్లో 2 శాతం సమాజం కోసం ఖర్చుపెట్టమంది. ఆ జాబితాలో సంప్రదాయ కళలూ ఉన్నాయి. సింహభాగం చదువుకూ వైద్యానికీ పోతుంది, అందుకు ఏడవనక్కర్లేదు. మిగిలింది మాత్రం ఫొటో బాగా పడేచోటికే చేరుతోందని మా అనుమానం.

ఉద్యోగస్తులు చందాలు కట్టుకుని నడిపిన సభలు ఒకప్పుడివి. వెయ్యిమంది తలా వెయ్యి ఇచ్చినా, ఒక్కరే పదిలక్షలు ఇచ్చినా లెక్క ఒకటే. కానీ ఆ ఒక్కరికి హరికథ నచ్చకపోతే ఆ ఏడు హరికథ ఉండదు. సంపద కొద్దిచేతుల్లో పేరుకునేకొద్దీ అలాంటి ‘ఒక్కరి’ మాటే చెల్లుతుంది.

ఈ ఉగాదికి హరికథ పెట్టించాలని మన సంఘం కార్యవర్గం అనుకుంటోంది. చందా తలా ఐదువందలు, అంతకుమించి ఎవరిస్తామన్నా తీసుకోం. బ్యానరు మీద కథ చెప్పేవారి పేరొక్కటే ఉంటుంది. వారికీ, పక్కవాద్యాల వారికీ ఎంతెంత ముట్టజెప్పామో వచ్చే సంచికలో అచ్చువేస్తాం.